ఆంప్ లేకుండా బేస్: లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్‌తో హైదరాబాద్ వేదికల మీద రెండేళ్లు

చిక్కడపల్లిలో మా రిహార్సల్ గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. 15 అంగుళాల స్పీకరున్న నా పాత బేస్ గిటార్ ఆంప్ (యాంప్లిఫయర్) 30 కిలోల దాకా తూగేది. ప్రతి సంగీత విభావరికీ ముందు దాన్ని ఇద్దరం పట్టుకుని దించడం, ఆటో వెనక సీట్లో దాన్ని కూర్చోబెట్టి నేను డ్రైవరు పక్కన ఒరిగి కూర్చోవడం, కార్యక్రమం ముగిశాక అర్ధరాత్రి అవే మెట్లు మళ్లీ ఎక్కించడం ఏళ్ల తరబడి సాగింది. నలభై అయిదో ఏట నడుము పట్టేయడంతో ఆ మోతకు స్వస్తి చెప్పవలసి వచ్చింది. కాబట్టి ఆంప్ చేసే పనిని లెక్కలతో అనుకరించే ఈ చిన్న యూనిట్‌ను, అంటే లైన్ 6 కంపెనీవారి హెచ్‌ఎక్స్ స్టాంప్‌ను, నాదం మీద మోజుతో కాక నడుము కోసం కొన్నానని ముందే ఒప్పుకోవడం న్యాయం. పాత సినిమా పాటలు వాయించే ఒక వారాంతపు ఆర్కెస్ట్రాలో దీన్ని రెండేళ్లుగా ఆంప్ బదులు వాడుతున్నాను.

హెచ్‌ఎక్స్ స్టాంప్ 2018లో వచ్చింది. కిలో చిల్లర బరువు, మూడు ఫుట్‌స్విచ్‌లు, ఒక చిన్న రంగుల తెర. బేస్ గిటార్ సంచి ముందు జేబులో పట్టేస్తుంది. లోపల జరిగేదంతా లెక్కే. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్‌ను అంకెలుగా మార్చి, ఫలానా ఆంప్‌లోని వాల్వులు, టోన్ గుబ్బలు, దాని కింది స్పీకరు పెట్టె, ఆ పెట్టె ముందు పెట్టిన మైకు ఒక్కొక్కటీ ఆ సిగ్నల్‌ను ఎలా మారుస్తాయో ప్రాసెసర్ లెక్కగట్టి బయటికి పంపుతుంది. ఇలాంటి ఒక్కొక్క పనినీ బ్లాక్ అంటారు. మొదట్లో 6 బ్లాకులే ఉండేవి. 2020 చివర్లో వచ్చిన 3.0 సాఫ్ట్‌వేర్‌తో అవి 8 అయ్యాయి. బేస్‌కు అవి చాలు, మిగులుతాయి కూడా. ఆంప్‌లు మాత్రం మారుపేర్లతో ఉంటాయి. ‘ఎస్‌వీ బీస్ట్’ అంటే 1969లో వచ్చిన 300 వాట్ల వాల్వు ఆంప్ అంపెగ్ ఎస్‌వీటీ. ‘టక్ అండ్ గో’ అంటే అదే కంపెనీవారి చిన్న ఆంప్ బీ-15. 2014లో లైన్ 6, 2018లో అంపెగ్ రెండూ యమహా గొడుగు కిందికి చేరాయి.

బేస్ వాయించేవారిలో చాలామందికి మింగుడుపడని సంగతి ఒకటుంది. ఓ మోస్తరు పెద్ద హాలులో మన ఆంప్ నాదం ప్రేక్షకులకు సరిగా చేరిందే లేదు. మైక్‌సెట్టువాళ్లు గిటార్ వైరును ముందు డీఐ బాక్సులో (సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టెలో) పెట్టి, అక్కణ్ణుంచి ఒక పాయను మిక్సర్‌కు, రెండో పాయను మన ఆంప్‌కు ఇస్తారు. ప్రేక్షకులు వినేది ఆ మొదటి పాయను, అంటే ఆంప్ రంగూ రుచీ ఏమీ అంటని పచ్చి సిగ్నల్‌ను. నేను గంటసేపు గుబ్బలు తిప్పి కుదుర్చుకున్న నాదం ఇన్నేళ్లూ నాకూ, డ్రమ్మర్‌కూ, ముందు సోఫాల్లో కూర్చున్న పెళ్లివారికీ తప్ప మరెవరికీ వినబడలేదన్న మాట. ఇలా ఆంప్‌ను అనుకరించే మోడలింగ్ యూనిట్ చేసే అసలు మేలు ఇదే: ఆంప్, స్పీకరు పెట్టె, మైకు అన్నీ డీఐ బాక్సుకు ముందే అయిపోతాయి కాబట్టి నేను కుదుర్చుకున్నదే చివరి వరస దాకా వెళుతుంది. త్యాగరాయ గానసభలో దీనితో మొదటిసారి వాయించినప్పుడు మా బావమరిది వెనక వరసలో కూర్చుని ఫోనులో రికార్డు చేశాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే బేస్‌లో ఏ స్వరానికి ఆ స్వరం విడిగా తెలుస్తోంది. అంతకుముందు అతను తీసిన వీడియోల్లో బేస్ అంటే ఒక గుంయ్‌మన్న మోత మాత్రమే.

నా ప్రీసెట్, అంటే యూనిట్‌లో దాచుకున్న అమరిక, సాదాసీదాది. ముందు ఎల్ఏ-2ఏ అనే పాతకాలపు స్టూడియో కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గులను సర్దేది) నమూనా, తరవాత ఎస్‌వీ బీస్ట్, డ్రైవ్ (నాదంలో గరుకుదనం) పదికి మూడు, దాని వెంట 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న పెట్టె, చివర ఈక్యూ, అంటే ఏ స్థాయి స్వరాలను ఎంత పెంచాలో, తగ్గించాలో సరిచూసేది. స్పీకరు పెట్టె బ్లాకు ఎందుకులే అని కొత్తగా కొన్నవాళ్లు దాన్ని తీసేస్తుంటారు, అలా చేయకూడదు. నిజమైన బేస్ స్పీకరు నాలుగైదు వేల హెర్ట్జ్ పైన అంతగా పలకదు. హాలు బాక్సుల్లోని ట్వీటర్ అంతకు మూడు నాలుగు రెట్లు పైదాకా పలుకుతుంది. ఆ బ్లాకు లేకపోతే తీగ ఫ్రెట్‌కు తగిలిన టిక్కుటిక్కులూ, వేలి గోరు గీరలూ స్టీలు పళ్లెం మీద చెంచా రాసినట్టు జనం చెవిన పడతాయి. కింది వైపు 40 హెర్ట్జ్ దగ్గర కోసేస్తాను, ఎందుకంటే నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగను ఖాళీగా మీటితే వచ్చే స్వరం 41 హెర్ట్జ్; దానికి దిగువన ఉండేది చేతి తాకిళ్లూ, వేదిక చెక్కల అదురూ మాత్రమే. అయిదు తీగల బేస్‌వారి అట్టడుగు స్వరం 31 హెర్ట్జ్ కాబట్టి వారు ఇంకాస్త కిందికి దించుకోవాలి.

ఇదంతా మొదటి రోజే కుదరలేదు. మొదటి ప్రీసెట్‌ను రాత్రి పదిన్నరకు, పిల్లలు పడుకున్నాక, పడకగదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని తయారుచేశాను. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవి కింది స్థాయి స్వరాలను తక్కువగా పట్టుకుంటుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఆ సంగతి చదివి ఉండి కూడా, పడకగదిలో చెవికి ఇంపుగా ఉందని కింది స్వరాలను ఎడాపెడా పెంచాను. హాలులో పెద్ద బాక్సుల మీద అదే ప్రీసెట్ పెడితే డోలక్ పూర్తిగా మునిగిపోయింది. ఇప్పుడు ఏ ప్రీసెట్ చేసినా రిహార్సల్ గదిలో పెద్ద స్పీకరు మీద, డ్రమ్మర్ వాయిస్తుండగానే చేస్తాను. 700, 800 హెర్ట్జ్ ప్రాంతాన్ని కాస్త పెంచి ఉంచుతాను. విడిగా వింటే అది ముక్కుతో పాడినట్టుంటుంది కానీ, కీబోర్డూ ప్యాడ్సూ డోలక్కూ కలిశాక బేస్‌ను జనానికి వినిపించేది ఆ ముక్కు గొంతే.

ఇక అసలు చిక్కు. అత్తాపూర్ వైపు ఒక ఫంక్షన్ హాలులో రిసెప్షన్‌కు వాయిస్తున్నాం. కింద పాలరాయి, మూడు వైపులా అద్దాలు, పైన రేకు కప్పు. 41 హెర్ట్జ్ తరంగం పొడవు 8 మీటర్లు దాటుతుంది కాబట్టి అలాంటి హాలులో రెండు మీటర్లు ఇటు జరిగితే బేస్ ఉరుముతుంది, అటు జరిగితే మాయమవుతుంది. మాకు వినబడేందుకు నా కాళ్ల దగ్గర పెట్టిన మానిటర్ స్పీకరులో గాయని గొంతు తప్ప మరేదీ లేదు. రెండో పాటకే డ్రమ్మర్ వెనకనుంచి, ‘‘అన్నా, నీ బేస్ నాకేం ఇనవడ్తలేదు’’ అని కేకేశాడు. ఆంప్ ఉన్న రోజుల్లో చెయ్యి వెనక్కి చాపి గుబ్బ కొంచెం తిప్పితే ఆ తగువు తీరిపోయేది. ఇప్పుడు యూనిట్ వాల్యూమ్ పెంచితే హాలంతా పెరుగుతుంది, మా చెవుల దగ్గర మాత్రం పెరగదు. మిక్సర్ దగ్గరి కుర్రవాడికి సైగ చేస్తే అతను ఫోను చూసుకుంటున్నాడు. మూడోసారికి తలెత్తి, అర్థమైందన్నట్టు బొటనవేలు చూపించి, గాయని మైకు ఇంకాస్త పెంచాడు. ఆ రాత్రి రెండున్నర గంటలూ వేళ్ల గుర్తు మీదా, ప్యాడ్స్ వాయించే అతని చేతిని చూసుకుంటూనూ నెట్టుకొచ్చాను. ఆంప్‌ను వదిలినప్పుడు వేదిక మీది వాల్యూమ్ మీద పెత్తనాన్ని కూడా వదిలేశానని అప్పుడు గాని తెలియలేదు.

దీనికి నాకు దొరికిన విరుగుడు ఖరీదైనది కాదు. యూనిట్‌కు ఎడమ, కుడి అని రెండు అవుట్‌పుట్‌లున్నాయి. ఎడమ దాన్ని డీఐ బాక్సుకు ఇచ్చి, కుడి దాన్ని నా సొంత 10 అంగుళాల పవర్డ్ స్పీకర్‌కు (లోపలే యాంప్లిఫయర్ ఉన్నది) ఇస్తాను. ఆ స్పీకరును నాకూ డ్రమ్మర్‌కూ మధ్య నేల మీద వాలుగా పెడతాను. దాని వాల్యూమ్ గుబ్బ దాని వెనకే ఉంటుంది కాబట్టి మిక్సర్‌వాళ్ల దయాదాక్షిణ్యాలతో పని లేదు. అంటే మళ్లీ ఓ పన్నెండు కిలోలు మోస్తున్నట్టే కదా అని మా ఇంట్లో అడిగారు. ముప్పైకీ పన్నెండుకీ తేడా ఏమిటో నా నడుమును అడగాలి. చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లు వాడవచ్చు గానీ, యూనిట్ హెడ్‌ఫోన్ రంధ్రంలో నా వాయిద్యం ఒక్కటే వినిపిస్తుంది. మిగతావారు కూడా వినబడాలంటే మానిటర్ పాయను తెచ్చి కలుపుకోవాలి, అందుకు మళ్లీ మిక్సర్‌వాళ్లనే అడగాలి. ఇంత చేసినా తీరని లోటు ఒకటి మిగిలే ఉంది: పెద్ద స్పీకర్ల ముందు నిలబడి లావు తీగను మీటినప్పుడు పిక్కలకు తగిలే గాలి. ఆ గాలి ఈ చిన్న స్పీకరు వల్ల కాదు.

ఈ యూనిట్‌కు ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్, అంటే మైకు వైరు తగిలించే మూడు పిన్నుల సాకెట్, లేదు. వేదిక కోసం కొనేవారు దీన్ని చిన్న లోటుగా తీసుకోకూడదు. మంచి డీఐ బాక్స్ ధర కూడా కలుపుకునే బేరం చూసుకోవాలి. హాలువాళ్లు ఇచ్చే డీఐ బాక్సుల్లో గ్రౌండ్ లిఫ్ట్ మీట (సిగ్నల్ వైరులోని ఎర్త్ కలయికను విడదీసేది) సరిగా పనిచేసేవి నాకు తక్కువే తగిలాయి. బేస్‌వాళ్లకు ఆ మీట ఎందుకంత ముఖ్యమంటే, మన కరెంటు 50 హెర్ట్జ్, లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో పలికే స్వరం 49 హెర్ట్జ్. ఎర్తింగ్ తేడాల వల్ల పుట్టే హమ్, అంటే ఆగని గుంయ్‌మన్న మోత, మన స్వరానికి పక్కింట్లోనే కాపురం ఉంటుంది కాబట్టి, ఈక్యూతో దాన్ని కోయబోతే ఆ స్వరమూ తెగుతుంది. హమ్‌ను పుట్టిన చోటే ఆపాలి. అందుకని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను పీకేసే వాళ్లను చూశాను. అది ప్రాణం మీదికి తెచ్చే పని, ఎవరూ చేయవద్దు.

కరెంటు విషయంలోనే మరో అనుభవం. మేడ్చల్ దారిలో ఒక కార్యక్రమంలో, పాట మధ్యలో కరెంటు పోయి రెండు క్షణాల్లో జనరేటర్ అందుకుంది. హాలు బాక్సులు వెంటనే పలికాయి, మిక్సర్‌కు యూపీఎస్ ఉంది, నా పాత ఆంప్ అయి ఉంటే అదీ పలికేదే. ఇది మాత్రం లోపల కంప్యూటర్ కాబట్టి మొదటినుంచీ నిద్ర లేచింది. కంపెనీ గుర్తు కనబడి, తెర వెలిగి, నా ప్రీసెట్ వచ్చేసరికి చరణంలో సగం గడిచిపోయింది. ఆ కాసేపూ నేను మూగ తీగల మీద వేళ్లాడిస్తూ నటించాను. మర్నాడే కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్ కొన్నాను. యూనిట్ కంటే అది నాలుగు రెట్లు బరువు. దీని అడాప్టర్ గురించి కూడా జాగ్రత్త అవసరం: ఇది 9 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లది, మామూలు పెడల్ అడాప్టర్లలో చాలావాటికి అంత ఇచ్చే శక్తి ఉండదు. ఇంట్లో మరచిపోతే వేదిక మీద అప్పిచ్చేవారు దొరకరు.

ఆలస్యం గురించి చాలామంది భయపెడతారు గానీ అంత భయం అక్కర్లేదు. ఇలాంటి యూనిట్లలో తీగ మీటడానికీ శబ్దం బయటికి రావడానికీ మధ్య పట్టేది సుమారు 2 మిల్లీసెకన్లు. గాలిలో ధ్వని ఒక మీటరు సాగడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆంప్‌కు రెండు మీటర్ల దూరంలో నిలబడి ఏళ్ల తరబడి తాళం తప్పకుండా వాయించినవాళ్లం మనం.

హాలులో పెద్ద బాక్సులూ, సబ్‌వూఫర్లూ, ఓ మోస్తరు మిక్సరూ ఉండే కార్యక్రమాలు ఎక్కువగా చేసేవారు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. పాటకొక నాదం మార్చాలనుకునేవారికి మూడు ఫుట్‌స్విచ్‌లు చాలవు. 2021లో వచ్చిన ఎక్స్ఎల్ రకంలో 8 ఉన్నాయి, దాన్ని చూడాలి. ఒకే నాదంతో సాయంత్రమంతా గడిపేవారికి ఇంత యంత్రం దండగ; ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్‌తోనే వచ్చే శాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్ లాంటి పెడల్ ఒకటి చాలు, తెరతో కుస్తీ కూడా తప్పుతుంది. బేస్‌ను మిక్సర్‌లోకి తీసుకోనే తీసుకోని చిన్న కేఫ్‌లలో, అపార్ట్‌మెంట్ మేడల మీద, రెండు మైకుల గణేశ్ మండపాల్లో వాయించేవారు మాత్రం ఆంప్‌నే పట్టుకెళ్లాలి.

నా పాత ఆంప్‌ను అమ్మలేదు. చిక్కడపల్లి గది మూలలోనే ఉంది, ఇక మెట్లు దిగదు. ఆదివారం రిహార్సల్‌కు స్టాంప్‌ను దాని వెనకున్న రిటర్న్ సాకెట్‌లో (ఆంప్ టోన్ గుబ్బలను తప్పించి నేరుగా లోపలికి వెళ్లే దారి) పెట్టి, స్పీకరు పెట్టె బ్లాకును ఆపేస్తాను. నిజమైన స్పీకరు ఎదురుగానే ఉన్నప్పుడు దాని నమూనా కూడా కలిస్తే నాదం దుప్పటి కప్పినట్టవుతుంది. పిక్కలకు గాలి తగిలేది ఇప్పుడు ఆ ఒక్క పూటే.