మసాలా పొడుల వ్యాపారానికి ఎల్‌ఎల్‌పీ: ఇన్నేళ్లు నడిపాక నా మాట

నేనూ మా బావమరిదీ గుంటూరులో కారం, పసుపు, ధనియాల పొడి ప్యాకెట్లు కట్టి షాపులకు వేస్తాం. 2019లో ఎల్‌ఎల్‌పీ (లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, అంటే సంస్థ అప్పులకు భాగస్వాముల బాధ్యత పరిమితంగా ఉండే భాగస్వామ్య సంస్థ) రిజిస్టర్ చేయించాం, ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాం. మళ్లీ మొదలుపెట్టినా ఇదే ఎంచుకుంటాను. కాకపోతే చాలామంది చెప్పే కారణానికి మాత్రం కాదు.

"వ్యాపారం మునిగినా ఇల్లు పోదు" అని అందరూ అంటారు. సరుకు అప్పిచ్చిన వ్యాపారి విషయంలో అది నిజమే. మనం మోసం చేయనంతవరకు అతను సంస్థ ఆస్తుల దాకానే రాగలడు. బ్యాంకు దగ్గర కథ వేరు. సీసీ లిమిట్ (అవసరమైనప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు) అడగ్గానే మేనేజర్ మా ఇద్దరి పర్సనల్ గ్యారంటీ కావాలన్నాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టాక ఆ అప్పు వరకూ పరిమిత బాధ్యత అన్నది పేరుకే.

మాకు అసలు పనికొచ్చింది భాగస్వాముల ఒప్పందం. రిజిస్ట్రేషన్ అయిన 30 రోజుల్లోపు దాన్ని ఫారం 3తో దాఖలు చేయాలి. అందులో రాసుకోని విషయాలకు చట్టంలోని మొదటి షెడ్యూలు వర్తిస్తుంది. దాని ప్రకారం లాభనష్టాలు సమానం, పనిచేసే భాగస్వామికి జీతం ఉండదు. మా దగ్గర పెట్టుబడి ఎక్కువ నాది, మిల్లు దగ్గర దుమ్ములో నిలబడేది బావమరిది. సమానం అంటే ఇద్దరికీ కుదరదు. కన్సల్టెంట్ పంపిన డ్రాఫ్టు తెరిచి చూస్తే వ్యాపార ఉద్దేశం దగ్గర "సాఫ్ట్‌వేర్ సేవలు" అని ఉంది! ఎవరిదో ఫైలులో పేర్లు మార్చి పంపాడన్నమాట. జీతం క్లాజు అసలే లేదు. ఒప్పందంలో అది లేకపోతే ఆదాయపు పన్ను లెక్కలో భాగస్వామి జీతాన్ని ఖర్చుగా చూపించుకోలేం. సంతకాలకు ముందే కూర్చుని మొత్తం తిరగరాయించాం. ఎవరైనా తప్పుకుంటే గోదాములో ఉన్న మిరపకాయలకు ఏ రోజు మార్కెట్ ధర కట్టాలో కూడా రాసుకున్నాం. బంధువులతో వ్యాపారం చేసేవాళ్లు ఫీజు దగ్గర బేరమాడినా పర్లేదు, ఈ కాగితం దగ్గర మాత్రం తొందరపడకండి.

రిజిస్ట్రేషన్ పెద్ద కష్టం కాదు. మేం అనుకున్న పేరుకు దగ్గరి పేరు అప్పటికే ఉందని తిప్పి పంపారు, రెండోది ఓకే అయింది. ఆఫీసు అడ్రసుకు కరెంటు బిల్లు, ఓనరు ఒప్పుకోలు పత్రం కావాలి. మా ఓనరమ్మగారు "బాబూ, రేపు మీ అప్పులకు మా ఇంటి మీదికి ఎవరూ రారు కదా?" అని రెండుసార్లు అడిగాకే సంతకం పెట్టారు.

ఇక ఏటా ఉండే తంతు. మే 30లోపు ఫారం 11 (వార్షిక రిటర్ను), అక్టోబరు 30లోపు ఫారం 8 (ఖాతాల వివరాలు), ఆపైన ఐటీ రిటర్ను. రూపాయి వ్యాపారం జరగకపోయినా ఇవి తప్పవు. మేం పెట్టిన కొత్తలో ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, దానికి పరిమితి కూడా లేదు. 2022లో దాన్ని శ్లాబుల్లోకి మార్చారు, చిన్న ఎల్‌ఎల్‌పీలకు కొంత తగ్గించారు. గడువు రోజు రాత్రి డిజిటల్ సంతకం టోకెన్‌ను కంప్యూటర్ గుర్తుపట్టకపోతే వచ్చే టెన్షన్ మాత్రం ఏ శ్లాబులోనూ తగ్గలేదు. టర్నోవర్ 40 లక్షలు గానీ, పెట్టుబడి 25 లక్షలు గానీ దాటనంతవరకు ఎల్‌ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు. ప్రైవేట్ లిమిటెడ్‌కు టర్నోవర్ ఎంతున్నా ఏటా ఆడిట్ తప్పదు. మొదటి రెండేళ్లు మాకు ఆ ఖర్చు మిగిలింది.

పన్ను దగ్గరే కాస్త చురుక్కుమంటుంది. లాభం మీద 30 శాతం, పైన సెస్సు. మామూలు పార్ట్‌నర్‌షిప్ ఫర్ముకూ ఇదే రేటు గానీ, టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపించి సరిపెట్టుకునే ప్రిజంప్టివ్ స్కీమ్ వాళ్లకుంది, ఎల్‌ఎల్‌పీకి లేదు. పుస్తకాలు పక్కాగా రాయాల్సిందే. పన్ను కట్టాక మిగిలిన లాభంలో మన వాటా చేతికొస్తే దాని మీద మళ్లీ పన్ను ఉండదు. 2025 ఏప్రిల్ నుంచి భాగస్వామి జీతం ఏడాదికి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కూడా కోయాలి. మా అకౌంటెంటుకు అదో కొత్త పని.

ఒక్కరే వ్యాపారం చేసుకుంటుంటే మాత్రం దీని జోలికి పోవద్దు. ఇద్దరు భాగస్వాములు ఉండాలి కదా అని ఇంట్లోవాళ్ల పేరు ఊరికే చేరిస్తే, ఫారం 8 లాంటి వాటికి వాళ్ల సంతకం కోసం మీరే తిరగాలి. అలాంటివాళ్లకు వన్ పర్సన్ కంపెనీ ఉంది, లేదా మామూలు జీఎస్‌టీ, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) రిజిస్ట్రేషన్లతో సొంత పేరు మీదే కొన్నాళ్లు నడుపుకోవచ్చు.