తెలుగు గడినుడి: ఏళ్ళ తరబడి నింపాక నా అభిప్రాయం

మన పత్రికల్లో గళ్ళు, అంటే క్రాస్‌వర్డ్ పజిళ్ళు, రెండు రకాలుగా వస్తాయి. "తామర (3)" అని ఆధారం (క్లూ) ఇస్తే "కమలం" అని రాసి ముందుకు వెళ్ళిపోయేది ఒక రకం; బ్రాకెట్లో అంకె జవాబుకి ఎన్ని అక్షరాలో చెబుతుంది. పర్యాయపదాలు తెలిస్తే చాలు, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. రెండో రకంలో మెలిక ఉంటుంది. చదవగానే తట్టే అర్థం ఒకటి, కూర్పరి, అంటే గడి కట్టినవాళ్ళ, మనసులో ఉన్నది ఇంకొకటి. ఈ సమీక్ష ఆ రెండో రకం గురించే. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు మనవాళ్ళకి ఈ రుచి మరిగించాయి. తర్వాత వెబ్‌లో పొద్దు గడి, ఈమాట గడి నుడి లాంటివి వచ్చాయి. వారపత్రికలు, వెబ్ పత్రికలు, వాట్సాప్‌లో చేతులు మారే పీడీఎఫ్‌లు ఏవీ వదలకుండా నింపుతూ వస్తున్నాను. మా గ్రూపులో జవాబులకి వివరణలు రాసే పని కూడా నాదే. ఆధారం బాగుందా లేదా అన్నది నింపేటప్పటికన్నా వివరించేటప్పుడే బాగా తెలుస్తుంది. కాబట్టి నేనిచ్చే మార్కులన్నీ ఆ లెక్కలోనివే.

ముందు బాగున్నది చెబుతాను. ఈ ఆధారం చూడండి: "కడప నుంచి తిరిగొచ్చాక ఒళ్ళు వాల్చే చోటు (3)". ఎవరో బస్సులో అలిసిపోయి ఇంటికొచ్చిన బొమ్మ కళ్ళ ముందు కడుతుంది. అదంతా మాయ. క-డ-ప ని వెనకనుంచి చదివితే ప-డ-క. "ఒళ్ళు వాల్చే చోటు" దాని అర్థం. "నుంచి తిరిగొచ్చాక" అన్నది తిరగెయ్యమని సూచన. ఒక్క మాట కూడా ఊరికే కూర్చోలేదు. ఇలాంటిదే "మర తిరిగితే లక్ష్మి (2)". రైసు మిల్లు నడిస్తే డబ్బే కదా అనుకుంటాం. జవాబు "రమ". "కలప తిరగేస్తే బళ్ళో రాసుకోవచ్చు (3)" అంటే "పలక". కవిత తిరగబడితే తవిక (కవితని వెక్కిరించే మాట) అవుతుందని వెబ్‌లో రాసుకునేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అక్షరానికో గడి కావడం వల్లే మనకి ఈ సుఖం. ఇంగ్లీషులో మాటని తిరగేస్తే చాలాసార్లు నోరు తిరగదు. మనకి గుణింతంతో సహా అక్షరం మొత్తం కదులుతుంది కాబట్టి తిరగేసినా పలకడానికి వీలుగానే ఉంటుంది. అతికించే ఆధారాల్లో కూడా మనకి కొదవలేదు. "చేతికి తోక తగిలిస్తే కత్తి (4)": కర, వాలం కలిసి కరవాలం. "కలలో దొరికిన వరం కంగారే (4)": కలవరం. "నీరసానికి తల తీసేస్తే చారు (2)": రసం. "ఆవు ఇచ్చే వాటా (2)" అన్నది ఇంకో రకం, అందులో మెలికంతా ఒకే మాటకి ఉన్న రెండు అర్థాల్లోనే ఉంది. పాలంటే పాలే, పాలంటే భాగమే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సంధి ఆధారం. ఇంగ్లీషు కూర్పరికి దొరకని సరుకు ఇది. "గుంట, ఊరు కలిస్తే మిర్చి యార్డు ఉన్నచోటు (3)". గుం-టూ-రు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అచ్చుతో మొదలయ్యే మాటని మన గళ్ళలో మధ్యలో అలాగే ఇరికించడం కుదరదు. "ఊరు" లోని ఊ కి విడిగా గడి ఉండదు, అది ముందున్న హల్లులో కలిసిపోవాల్సిందే. ఈ ఇబ్బందినే ఆటగా మార్చుకున్న కూర్పరికి నమస్కారం పెట్టాలి. సూచన లేకుండా సంధి చేసేసి మనల్ని వెతుక్కోమనే వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి పెట్టను.

ఇక చిరాకు పెట్టేవి. అన్నిటికన్నా పెద్ద లోపం, జవాబునే ముక్కలు చేసి గళ్ళలో పోయమనడం. "చెల్లాచెదురైన సముద్రం (3)" అంటారు. సాగరం అని తట్టడానికి క్షణం పట్టదు. గళ్ళలో రాయాల్సింది మాత్రం "గరంసా". ఎందుకు "గరంసా", "రంసాగ" ఎందుకు కాదు? మూడక్షరాలకి ఆరు వరసలు. ఏ వరసో ఆధారం చెప్పదు, నిలువు మాటలు చెప్పాలి. ఆ నిలువు మాట కూడా "తికమకైన" బాపతే అయితే ఇక పట్టుకోవడానికి ఏమీ మిగలదు. దీనికి వివరణ ఏం రాయాలో నాకిప్పటికీ తోచదు. చెదిరిన మాటలోంచి సరైన మాట పుట్టాలి. సరైన మాటని చెదరగొట్టి గళ్ళలో వదిలేస్తే అది ఆట కాదు, కూర్పరి తన ఇబ్బందిని మన మీదికి నెట్టడం.

ఆ ఇబ్బంది నిజమైనదే, కాదనను. ఇంగ్లీషులో ఒక గడిలో పడగలిగేవి 26 అక్షరాలు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు, సున్నలు కలిపితే ఆ సంఖ్య వేలల్లోకి పోతుంది. అడ్డంలో "ర్తి" పడిందంటే నిలువులో కూడా అక్కడ "ర్తి" ఉన్న మాటే దొరకాలి. దొరకనప్పుడు కూర్పరి రెండే పనులు చేస్తాడు. ఒకటి పైన చెప్పిన కలగాపులగం. రెండోది రెండక్షరాల చిల్లర మాటలతో మూలలు పూడ్చడం. అందుకే చాన్నాళ్ళుగా నింపేవాళ్ళకి రమ, లత, ఉమ, రవి ఇంట్లో మనుషుల్లా అయిపోతారు. "స్త్రీ పేరు (2)" అన్న ఆధారం ఇంకా ఎక్కడ కనిపించినా నేను దాన్ని ఖాళీగా వదిలి మిగతావి నింపుతాను, అదే పూరించుకుంటుంది. ఇంగ్లీషు గడిలా తీగ అల్లినట్టు పెద్ద మాటలు వరసగా కావాలనుకునేవాళ్ళకి తెలుగు గడి కాస్త ఇరుకుగా అనిపిస్తుంది.

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొదటి గడిలో మెలికలేమీ లేవు. ఈ మెలికల పద్ధతి 1920లలో బ్రిటన్‌లో పెరిగింది. అఫ్రిట్ అనే మారుపేరుతో గళ్ళు కట్టిన ఎ.ఎఫ్. రిచీ 1949లో ఒక నియమం పెట్టాడు. కూర్పరి పైకి కనిపించే అర్థంలోనే మాట్లాడక్కర్లేదు గాని, తను అనుకున్నది మాత్రం ఆ మాటల్లో కచ్చితంగా ఉండి తీరాలి అని. నేను వివరణలు రాసేటప్పుడు పట్టుకునే కొలబద్ద ఇదే. ముందు జవాబుకి అర్థం చెప్పే ముక్క ఏదో గీత పెడతాను. తర్వాత మెలిక ఎక్కడుందో, దాన్ని సూచించే మాట ఏదో రాస్తాను. ఆఖరున మిగిలిపోయిన మాటలేమైనా ఉన్నాయా అని చూస్తాను. ఏ పనీ లేకుండా రెండు మాటలు మిగిలాయంటే, నా వివరణైనా తప్పు, ఆధారమైనా వదులు. చాలాసార్లు రెండోదే.

ఈ పని నేర్పేది వివరణలే గనక, వారం తర్వాత వట్టి జవాబులు మాత్రం అచ్చేసే పత్రికలకి నేను సగం మార్కులే వేస్తాను. కరవాలం అని అచ్చులో చూసినవాడికి కరం, వాలం తట్టకపోతే వచ్చే వారం కూడా వాడు అక్కడే ఆగిపోతాడు. కొత్తవాళ్ళు రెండు వారాలు చూసి మానెయ్యడానికి కారణం గళ్ళు కష్టంగా ఉండటం కాదు, ఎలా వచ్చిందో ఎవరూ చెప్పకపోవడం. వెబ్ గళ్ళు ఈ విషయంలో చాలా నయం. చదివేవాళ్ళే అడుగుతారు, కూర్పరే వచ్చి జవాబిస్తారు, ఒక్కోసారి ఒప్పుకోరు, గొడవ బాగుంటుంది.

వెబ్ గళ్ళలో సాంకేతికంగా ఒక తలనొప్పి ఉంది. "పెళ్ళి" అని కొడితే తప్పంటుంది, "పెళ్లి" అంటే ఒప్పుకుంటుంది. మనకి రెండూ ఒకటే, కంప్యూటరుకి కాదు. ళకి ళ ఒత్తు, ళకి ల ఒత్తు వేరువేరు కోడ్‌లు. తప్పులు చూపించే బటన్ ఉన్నచోట ఈ ఒత్తుల వల్ల అనవసరపు టెన్షన్. రెండు రూపాలూ అంగీకరించేలా సరిచెయ్యడం పెద్ద పనేం కాదు, అయినా చాలామంది పట్టించుకోరు. ఫోన్లో నింపడంకన్నా కాగితం మీద పెన్సిలే హాయి.

కొనాల్సిన సామాను పెద్దగా లేదు. ఆంధ్రభారతి సైటులో నిఘంటువులన్నీ ఒకచోట వెతుక్కోవచ్చు, ఉచితం. అమరకోశం కొంచెం వచ్చి ఉంటే సంస్కృత పర్యాయపదాల దగ్గర పని సులువు. వాలం అంటే తోక అని తెలిసినవాడికీ తెలియనివాడికీ ఇక్కడ చాలా తేడా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే నిఘంటువు కూడా తియ్యక్కర్లేదు. పాతకాలపు మాటలు, పురాణాల పేర్లు వాళ్ళ నోట్లోనే ఉంటాయి. మెలిక విప్పడం మాత్రం పిల్లలకి త్వరగా పట్టుబడుతుంది.

అయిదుకి నాలుగు ఇస్తాను. కలగాపులగం మానేస్తే ఆ మిగిలినదీ ఇచ్చేస్తాను. మొదలుపెట్టేవాళ్ళు వివరణలు వేసే గడినే ఎంచుకోండి, మొదటి నెల జవాబులు చూసి వెనక్కి లెక్క కట్టినా తప్పులేదు. చెయ్యి తిప్పుకోవడానికి ఒకటి ఇస్తున్నాను: "జాలిపడాల్సిన తప్పు (2)". జవాబొక్కటే చెబితే ఒప్పుకోను, వివరణ కూడా రాయండి.