కొత్త స్విచ్ అని చెప్పి ఆఫీసులో వాడేసింది అంటగట్టారు, రిటర్న్ గడువు కూడా దాటించారు. జాగ్రత్త!

ఇంటికి నెట్‌వర్క్ స్విచ్ కొనాలనుకుంటున్నవాళ్ళు, ముఖ్యంగా "బ్రాండ్ న్యూ, సీల్డ్, ప్లగ్ అండ్ ప్లే" అని పెట్టి ఎనిమిది పోర్టుల మెటల్ బాడీ స్విచ్ అమ్ముతున్న ఆ పేజీ మీద కన్నేసినవాళ్ళు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. పేరు రాయట్లేదు గానీ ఆ పేజీ చూసినవాళ్ళకి ఎవరి గురించి చెప్తున్నానో అర్థమైపోతుంది. నాకు వచ్చింది కొత్తది కాదు. ఎక్కడో ఒక ఆఫీసులో పనిచేసి వచ్చిన మేనేజ్డ్ స్విచ్ (లోపల సెట్టింగులు పెట్టి పోర్టుల్ని అదుపు చేయగలిగేది), అది కూడా పాత సెట్టింగులతో సహా. రుజువు చూపిస్తే నన్నే తప్పు చేసినవాళ్ళలా నిలబెట్టి మాట్లాడారు. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే ముందూ వెనకా కొంచెం హడావుడిగా ఉంటుంది, సర్దుకోండి.

రౌటర్‌కి ఉన్న పోర్టులు చాలట్లేదు. టీవీకి, కంప్యూటర్‌కి, ఇంకో గదిలో పెట్టిన వైఫై యాక్సెస్ పాయింట్‌కి కేబుల్ కావాలి, దాని కోసం ఆర్డర్ పెట్టాను. వచ్చింది, పెట్టాను, లైట్లన్నీ పచ్చగా వెలిగాయి, నెట్ మాత్రం రాలేదు. కంప్యూటర్‌లో "అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్" అని పడుతోంది, ఐపీ అడ్రస్ చూస్తే 169.254తో మొదలవుతోంది. ఇది రౌటర్ ఇచ్చే అడ్రస్ కాదు. అడ్రస్ ఇమ్మని అడిగినా డీహెచ్‌సీపీ (రౌటర్‌లో అడ్రసులు పంచే ఏర్పాటు) నుంచి జవాబు రాకపోతే కంప్యూటర్ తనంతట తాను పెట్టుకునేది. అంటే కరెంటు వస్తోంది, వైరు తగిలింది, కానీ మన మాట రౌటర్ దాకా పోవట్లేదు, లేదంటే రౌటర్ జవాబు వెనక్కి రావట్లేదు. అదే కేబుల్ తీసి నేరుగా రౌటర్‌కి పెడితే వెంటనే నెట్ వచ్చేస్తోంది. ఇక మధ్యలో మిగిలింది స్విచ్ ఒక్కటే కదా?

అదే మాట అమ్మినవాళ్ళకి చాట్‌లో రాశాను. వచ్చిన మొదటి జవాబు: "లైట్ వెలుగుతోంది కదండీ, అంటే స్విచ్ బాగానే ఉంది. ప్రాబ్లం మీ రౌటర్‌లో." దయచేసి ఈ మాటని ఎవరూ నమ్మకండి. పోర్ట్ దగ్గర లైట్ వెలిగిందంటే ఆ కేబుల్‌కి రెండు చివర్లా ఉన్న పరికరాలు ఒకదాన్ని ఒకటి గుర్తించాయని మాత్రమే అర్థం. లోపల డేటాని ఈ పోర్ట్ నుంచి ఆ పోర్ట్‌కి పంపుతోందా లేదా అన్నది ఆ లైట్ చెప్పదు.

అక్కడి నుంచి మొదలైంది అసలు తిప్పుడు. కేబుల్ మార్చి చూడండి అన్నారు, మార్చాను. క్రాస్ కేబుల్ (లోపల తీగలు అటూ ఇటూ మార్చి వేసిన కేబుల్) కావాలేమో అన్నారు. గిగాబిట్ (సెకనుకి 1000 మెగాబిట్ల వేగం) పోర్టులు తీగల వరసని తామే సరిచేసుకుంటాయి, ఈ రోజుల్లో క్రాస్ కేబుల్ అవసరమే లేదు. కేబుల్ పొడుగు ఎక్కువైందేమో అన్నారు. దాని హద్దు 100 మీటర్లు, ఒక గదిలోంచి పక్క గదిలోకి వేసిన వైరుకి ఆ మాట ఏంటి? మీ రౌటర్ పాతదేమో, గిగాబిట్ లేదేమో అన్నారు. లేకపోయినా స్విచ్ 100 మెగాబిట్లకి దిగి కలుస్తుంది, వేగం తగ్గుతుందే తప్ప నెట్ ఆగదు. ప్రతి ప్రశ్నకీ మధ్య ఒక రోజు, రెండు రోజులు గడిపేవాళ్ళు. "మా టెక్నికల్ టీమ్ చూస్తోంది, ఓపిక పట్టండి" అని మెసేజ్. రిటర్న్ పెట్టబోతే "ఇప్పుడే పెట్టకండి, పెడితే సపోర్ట్ కేస్ క్లోజ్ అయిపోతుంది" అని మెసేజ్. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. నా గడువు తిన్నది ఇదే.

నిజమే, స్విచ్ పనిచేయకపోతే ప్రతిసారీ అమ్మినవాళ్ళదే తప్పు అని నేను అనట్లేదు. ఒకే కేబుల్ రెండు చివర్లూ అదే స్విచ్‌లో పెట్టేస్తే లూప్ పడి ఇంటి నెట్ మొత్తం కూలిపోతుంది. పాత రౌటర్‌ని కూడా దానికే తగిలించి దాని డీహెచ్‌సీపీ ఆపకపోతే రెండు రౌటర్లూ అడ్రసులు పంచుతూ గందరగోళం చేస్తాయి. కేబుల్ లోపల ఒక జత తెగితే గిగాబిట్ రాదు, ఎందుకంటే గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. ఇవన్నీ చూశాకే మాట్లాడుతున్నాను.

చివరికి రౌటర్‌నే పక్కన పెట్టేశాను. రెండు ల్యాప్‌టాప్‌లు తీసుకుని, వాటికి చేత్తో ఒకే వరసలో ఐపీ అడ్రసులు ఇచ్చి, విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ని (ఉన్నావా అని అడిగి జవాబు వస్తుందో చూసే పరీక్ష) అడ్డుకుంటుంది కాబట్టి దాన్ని కాసేపు ఆపి, ఆ రెండింటినీ మాత్రమే స్విచ్‌కి పెట్టి ఒకదాని నుంచి ఒకదానికి పింగ్ కొట్టాను. మామూలు అన్‌మేనేజ్డ్ స్విచ్ అయితే ఏ పోర్ట్‌లో పెట్టినా జవాబు రావాలి. ఇక్కడ ఏమైందంటే, 1 నుంచి 4 వరకు పోర్టులు వాటిలో అవి మాట్లాడుకుంటున్నాయి, 5 నుంచి 8 వరకు వాటిలో అవి మాట్లాడుకుంటున్నాయి, ఇటు నుంచి అటు మాత్రం ఒక్క ప్యాకెట్ పోదు. ఒకే బిల్డింగ్‌కి రెండు వేరు మెట్లదారులు పెట్టి మధ్య గోడ కట్టేసినట్టు. ఇది చెడిపోయిన స్విచ్ లక్షణం కాదు, ఎవరో కూర్చుని వీల్యాన్‌లు (ఒకే స్విచ్ లోపల వేరువేరు నెట్‌వర్క్‌లు) పెట్టి విడగొట్టిన స్విచ్ లక్షణం. రౌటర్‌ని, కంప్యూటర్‌ని ఒకే సగంలో పెట్టి చూస్తే ఇంకో వింత: చేత్తో అడ్రస్ ఇస్తే నెట్ నడుస్తుంది, రౌటర్‌నే ఇవ్వనిస్తే రాదు. ఆఫీసు స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అని ఉంటుంది, నమ్మకమైనదని ముందే గుర్తుపెట్టిన పోర్ట్ నుంచి తప్ప వేరే చోట నుంచి వచ్చే డీహెచ్‌సీపీ జవాబుల్ని పారేస్తుంది. అచ్చం అలాగే ఉంది. మరి టీవీకి, ఫోన్లకి, ఇంటికి వచ్చిన చుట్టాల ఫోన్లకి కూడా చేత్తో అడ్రసులు రాస్తూ కూర్చోవాలా?

అప్పుడు వైర్‌షార్క్ (కేబుల్ మీద వచ్చే ప్యాకెట్లని చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి చూశాను. స్విచ్‌కి ల్యాప్‌టాప్ తగిలించి ఊరికే వింటూ కూర్చున్నా, ఎల్ఎల్‌డీపీ అనే చిన్న ప్యాకెట్ వచ్చింది. మామూలుగా 30 సెకన్లకోసారి స్విచ్ తన గురించి తానే పక్కవాళ్ళకి చెప్పుకునే ప్యాకెట్ అది. "ప్లగ్ అండ్ ప్లే" మామూలు స్విచ్‌లు ఇలా చెప్పుకోవు. తెరిచి చూస్తే సిస్టమ్ నేమ్ దగ్గర ఒక సంస్థ పేరు పొడి అక్షరాల్లో, పోర్ట్ డిస్క్రిప్షన్ దగ్గర "సెకండ్ ఫ్లోర్ బిల్లింగ్ 3". వీల్యాన్ నంబర్ 40. మేనేజ్‌మెంట్ అడ్రస్ 10తో మొదలయ్యేది. సీల్ తీసి నేను నా చేత్తో బయటికి తీసిన కొత్త స్విచ్‌కి రెండో అంతస్తులో బిల్లింగ్ కౌంటర్ ఎక్కడి నుంచి వచ్చింది? స్క్రీన్ వైపు చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను, వాళ్ళ తప్పేం లేదు, పాపం వాళ్ళ పాత సామాను ఇలా తిరుగుతోందని వాళ్ళకి తెలిసి కూడా ఉండదు.

వెనక చిన్న రంధ్రంలో పిన్ పెట్టి రీసెట్ బటన్ నొక్కి పట్టుకున్నా ఏమీ మారలేదు. కొన్ని ఆఫీసు మోడళ్ళలో అడ్మిన్ ఆ బటన్‌ని పనిచేయకుండా ఆపేయొచ్చు. ల్యాప్‌టాప్‌కి ఆ 10 వరస అడ్రస్ ఇస్తే లాగిన్ పేజీ వస్తోంది, పాస్‌వర్డ్ అడుగుతోంది. పరాయివాళ్ళ ఆఫీసు పాస్‌వర్డ్ ఊహించి కొట్టే పని నేను చేయను. ఆపేశాను.

స్క్రీన్‌షాట్లు, పింగ్ ఫలితాలు, బాక్స్ ఫొటోలు అన్నీ పంపించాను. బాక్స్ మీద ఉన్న సీరియల్ నంబర్‌కి, స్విచ్ అడుగున ఉన్నదానికి కూడా పొంతన లేదు, అది కూడా పంపించాను. ఇంత స్పష్టంగా ఉన్నాక ఇంకేం అంటారు, క్షమాపణ చెప్పి డబ్బు వెనక్కి ఇస్తారనే అనుకున్నాను. వచ్చిన మెసేజ్ ఇది: "మీరు మా ప్రొడక్ట్‌ని హ్యాకింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఓపెన్ చేశారు. కాబట్టి వారంటీ వర్తించదు. రిటర్న్ గడువు కూడా ముగిసింది." హ్యాకింగ్! స్విచ్ తన నోటితో తాను చెప్పింది వినడం హ్యాకింగా? వైర్‌షార్క్ ప్రపంచంలో ప్రతి నెట్‌వర్క్ ఇంజినీరూ వాడేది, కాలేజీల్లో పాఠం చెప్పేది. వాళ్ళు దాచిన విషయం బయటపెట్టినందుకు నా మీదే నేరం మోపారు.

వెంటనే ఫోన్ చేశాను. ఒకాయన ఎత్తారు. మొత్తం విన్నారు, మధ్యలో అడ్డు కూడా రాలేదు. విని ఒకే ఒక్క మాట అన్నారు: "ఆ రేటుకి కొత్తది ఎక్కడైనా వస్తుందా చెప్పండి?" గొంతులో కొంచెం కూడా తడబాటు లేదు. నవ్వుతూ అన్నారు. అంటే పాతదని మొదటి నుంచీ తెలుసు. క్రాస్ కేబుల్ అన్నప్పుడు తెలుసు, మీ రౌటర్ అన్నప్పుడు తెలుసు, టెక్నికల్ టీమ్ చూస్తోందన్నప్పుడు తెలుసు. నేను రాత్రిళ్ళు కూర్చుని కేబుళ్ళు మార్చి మార్చి చూస్తుంటే, ఇంట్లోవాళ్ళు ఇంటర్నెట్ లేక విసుక్కుంటుంటే, అవతల వాళ్ళు క్యాలెండర్ చూసుకుంటున్నారు. ఆ మాటే చాట్‌లో రాసివ్వండి అంటే ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత నా నంబర్ బ్లాక్. కేస్ స్టేటస్ చూస్తే "సమస్య పరిష్కరించబడింది" అని ఉంది. ఎవరికి పరిష్కారమైంది?

డబ్బు పోయిందన్న బాధ కంటే ఆ నవ్వు ఎక్కువ బాధపెడుతోంది. వాడిన స్విచ్ అమ్మడం తప్పు కాదు. వాడినదని చెప్పి, సెట్టింగులు తుడిచేసి, పాస్‌వర్డ్ ఇచ్చి అమ్మితే నేనే కొనేదాన్ని, మేనేజ్డ్ స్విచ్ చాలా పనికొచ్చే వస్తువు. సీల్ వేసి కొత్తదని అమ్మడం, పైగా ట్రబుల్‌షూటింగ్ పేరుతో రోజులు దొర్లించడం, అది మోసం. సైట్‌లో ఫిర్యాదు పెట్టాను, బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించడం) కూడా అడిగాను, జవాబు కోసం చూస్తున్నాను. ఏదొచ్చినా ఇక్కడే రాస్తాను.

మీరు కొనేటప్పుడు పేజీలో పూర్తి మోడల్ నంబర్ ఉందో లేదో చూసి, దాన్ని కంపెనీ సైట్‌లో వెతికి మేనేజ్డా కాదా తేల్చుకోండి. బాక్స్ విప్పేటప్పుడు వీడియో తీయండి, బాక్స్ మీద, స్విచ్ అడుగున సీరియల్ నంబర్లు రెండూ అందులో పడాలి. అన్ని పోర్టులూ ఆ రోజే పరీక్షించండి, ఒక్కదాంట్లో వచ్చింది కదా అని వదిలేయకండి. లైట్ వెలిగి 169.254 వస్తే, నేరుగా రౌటర్‌కి పెడితే నెట్ వస్తుంటే, ముందు రిటర్న్ పెట్టి ఆ తర్వాతే వాళ్ళు చెప్పినవి చేసి చూడండి. మాటలన్నీ సైట్ చాట్‌లోనే జరగాలి, ఫోన్‌లో వద్దు. రిటర్న్ కారణం దగ్గర "పనిచేయట్లేదు" అని పెడితే టెక్నికల్ సపోర్ట్ వైపు తోసి అక్కడే తిప్పుతారు, "చెప్పిన వస్తువు కాదు, వాడినది పంపారు" అన్నదే ఎంచుకోండి.