గాజు సిరంజి మంచిదా, ప్లాస్టిక్‌దా?
వరంగల్‌ల రిటైరైన సిస్టర్లం నలుగురం కలిస్తే గాజు సిరంజి ముచ్చట రాకుండ ఉండదు. డ్యూటీ ఎక్కంగనే నీళ్లు మరగబెట్టుడు, సిరంజిలు, సూదులు 20 నిమిషాలు ఉడకబెట్టుడు, ఫోర్సెప్స్‌తోటి తీసుడు. గొట్టం మీది నంబరు, లోపలి పిస్టన్ మీది నంబరు కలవాలె. కలవకపోతే మందు వెనకకు కారేది. సూది మొద్దుబారితే రాయి మీద నూరేటోళ్లం. ఆ నొప్పి సంగతి పేషెంట్లనే అడగాలె!

ప్లాస్టిక్‌దానికి ఈ గోస లేదు. కవరు చింపు, వాడు, పడెయ్యి. గాజుదాన్ని సరిగ్గ ఉడకబెట్టకపోతే ఒకరి హెపటైటిస్-బి ఇంకొకరికి అంటేది, ఆ భయం పోయింది. సర్కారు టీకాలకైతే 2005 నుంచి ఏడీ (ఆటో-డిజేబుల్, అంటే తనంతట తానే పనికిరాకుండ అయ్యే) సిరంజిలు వచ్చినయి. ఒక్కసారి నొక్కితే లాక్ పడుతది, మళ్ల వాడుదామన్నా కుదరదు. చెత్త మాత్రం కుప్పలు కుప్పలు. సూదిని కట్టర్‌తోటి కోసి, సూది బయటికి పొడుచుకురాని గట్టి తెల్ల డబ్బాల వెయ్యాలె.

గాజుది చేతుల నున్నగ జారుతుంటే ఉండే తృప్తి వేరు, అది ఒప్పుకుంట. నా మనవనికి మాత్రం ప్లాస్టిక్‌దే.