నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా: ఏళ్ల తరబడి చేతికి పెట్టుకున్నాక నా సమీక్ష

పెద్దల నుంచి వచ్చిన పాత చేతి గడియారాన్ని బీరువాలో భద్రంగా దాచాలా, చేతికి పెట్టుకుని తిరగాలా అన్న సందేహం చాలా ఇళ్లలో ఉంది. నాన్నగారి తర్వాత నా చేతికి వచ్చిన హెచ్‌ఎంటీ జనతాను నేను కొన్నేళ్లుగా ఆఫీసుకూ, ప్రయాణాలకూ, శుభకార్యాలకూ వాడుతున్నాను. లోపలి యంత్రాన్ని శ్రద్ధగా బాగు చేయించి, పైరూపాన్ని మాత్రం ఉన్నదున్నట్టు వదిలేస్తే ఇది నేటికీ నమ్మదగిన వాచీ అని నా అభిప్రాయం. మన వాడుకలో సాధారణంగా దీనికి భిన్నంగా జరుగుతుంది. డయల్‌కు కొత్త రంగు వేయిస్తారు, అద్దం మారుస్తారు, యంత్రానికి మాత్రం నూనె కూడా వేయించరు.

హిందుస్థాన్ మెషీన్ టూల్స్ (హెచ్‌ఎంటీ) సంస్థ జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో చేతి గడియారాల తయారీ చేపట్టింది. 1961లో తొలి గడియారాలను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేశారు. జనతా ఆ తరం వాచీయే. ఒక తరం ఉద్యోగులకు మొదటి జీతంతో కొనుక్కున్న వస్తువుగా, పెళ్లిలో అల్లుడికి పెట్టిన లాంఛనంగా, పదవీ విరమణ సన్మానంలో అందుకున్న జ్ఞాపికగా అది తెలుసు. హెచ్‌ఎంటీ వాచెస్ సంస్థను మూసివేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వాడుకదారుకు దీనివల్ల కలిగే ఇబ్బంది విడిభాగాలకు సంబంధించినది, దాని గురించి కింద రాస్తాను.

ముందుగా చేతిలో ఉన్నది ఏమిటో గుర్తించాలి. మా వాచీ డయల్ మీద పన్నెండు అంకె దిగువన సంస్థ పేరు, దాని కింద జనతా అన్న పేరు, కింది భాగంలో 17 జ్యువెల్స్, పారా షాక్ అన్న మాటలు ఉన్నాయి. ఈ జ్యువెల్స్ కృత్రిమంగా తయారుచేసిన కెంపులు. ఇరుసుల మొనలు వీటిలో తిరగడం వల్ల ఒరిపిడి తగ్గి, యంత్రం త్వరగా అరగదు. వాటిని చూసి వాచీకి నగలాంటి విలువ ఉందనుకోవద్దు. పారా షాక్ అంటే, అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిర్ణయించే బ్యాలెన్స్ చక్రం ఇరుసును దెబ్బల నుంచి కాపాడే స్ప్రింగు అమరిక. ఇవన్నీ డయల్ చెప్పే మాటలే కాబట్టి వాటితో సరిపెట్టుకోకుండా, నమ్మకమైన మెకానిక్ చేత వెనుక మూత తీయించి యంత్రాన్ని కూడా చూడాలి. సంస్థ పేరు, జ్యువెల్స్ సంఖ్య, యంత్రం నంబరు లోహపు పలకల మీదే చెక్కి ఉంటాయి. జనతాలో సాధారణంగా కనిపించే నంబరు 0231. ఇది సిటిజన్ రూపకల్పన నుంచి వచ్చిన, చేత్తో కీ ఇచ్చే యంత్రం. గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది.

తయారైన సంవత్సరం తేల్చడం ఇంత సులువు కాదు. జనతాను దశాబ్దాల తరబడి తయారు చేశారు గనుక డయల్ శైలిని బట్టి ఒక కాలవ్యవధిని మాత్రమే ఊహించగలం. మాకు ఎక్కువగా ఉపయోగపడినవి ఇంట్లోని కాగితాలే. నాన్నగారి పెళ్లి ఫొటోలో ఆయన ఎడమ చేతికి ఉన్న వాచీని భూతద్దంతో చూస్తే, ముళ్ల ఆకారమూ, గంటల గీతల అమరికా నా దగ్గరున్న దానితో అచ్చంగా సరిపోయాయి. అందువల్ల వాచీ ఆ పెళ్లినాటికే ఇంట్లో ఉందని నిర్ధారణ అయింది, డయల్ గానీ ముళ్లు గానీ తర్వాత మార్చినవి కావని కూడా తేలింది. పాత వాచీ ఉన్నవారు దుకాణానికి వెళ్లేముందు ఇంట్లోని ఆల్బమ్‌లు, కొనుగోలు రసీదులు, గ్యారంటీ కార్డులు వెదకాలని గట్టిగా చెబుతాను. వస్తువు చరిత్రకు అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ఈ జాగ్రత్త అవసరమని చెప్పడానికి కారణం ఉంది. పాత యంత్రాలకు కొత్తగా రంగు వేసిన డయల్‌లు బిగించి జనతా, పైలట్ అనే హెచ్‌ఎంటీ మోడళ్ల పేర్లతో అమ్మడం ఇప్పుడు విరివిగా సాగుతోంది. కుటుంబంలోనే చేతులు మారిన వాచీకి కూడా ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతులో డయల్ మారి ఉండవచ్చు. అక్షరాల అంచులు అలికినట్టుగా లావుగా ఉండటం, నిమిషాల గీతలు గంటల గుర్తులకు సూటిగా లేకపోవడం, డయల్ నడిమి రంధ్రం అంచున రంగు పేరుకుని ఉండటం, యంత్రం ఎంతో వాడినట్టుండగా డయల్ మాత్రం నిగనిగలాడటం అనుమానించదగిన లక్షణాలు. మా వాచీ డయల్ మీద కొద్దిగా పసుపు తిరిగిన మచ్చలున్నాయి. ఒక దుకాణంలో దాన్ని కొత్తదానిలా చేసి ఇస్తామన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. ఒకసారి రంగు వేశాక కర్మాగారంలో పడిన అచ్చు తిరిగి రాదు. ఆ మచ్చలు సమయం చూడటానికి ఏమీ అడ్డు కావు.

ఇక వాడకం విషయానికి వస్తే, దాదాపు 35 మిల్లీమీటర్ల వ్యాసం నేటి పెద్ద వాచీల పక్కన చిన్నదిగా అనిపించినా, సన్నని మణికట్టుకు చక్కగా కుదురుతుంది, చొక్కా కఫ్ కిందికి సులువుగా ఒదుగుతుంది. తేదీ చూపే కిటికీ లేదు. ఆ ఒక్క లోటూ నాకు లాభంగానే కనిపిస్తుంది, ఎందుకంటే రెండు రోజులు వాడకుండా ఉంచి మళ్లీ తీసినప్పుడు సమయం సరిచేస్తే చాలు. మంచి వెలుతురులో డయల్‌ను సులువుగా చదవవచ్చు. చీకట్లో మాత్రం మా వాచీలో ఏమీ కనిపించదు.

కచ్చితత్వం గురించి నిజాయితీగా చెప్పాలి. సర్వీసుకు ముందు ఇది రోజుకు కొన్ని నిమిషాలు వెనకబడేది. సర్వీసు తర్వాత రోజుకు పది పదిహేను సెకన్ల తేడాతో నడుస్తోంది. రాత్రి డయల్ పైకి ఉండేలా పడుకోబెట్టినప్పుడు ఒక రకంగా, నిలబెట్టినప్పుడు మరొక రకంగా నడవడం ఇలాంటి యంత్రాల సహజ లక్షణం. కాబట్టి వాడేవారు తమ వాచీ రాత్రి ఏ స్థితిలో కాస్త వెనకబడుతుందో, ఏ స్థితిలో ముందుకు పోతుందో గమనించి, రాత్రి తగిన స్థితిలో ఉంచి పగటి తేడాను సరిదిద్దుకోవచ్చు. క్వార్ట్జ్ వాచీ కచ్చితత్వం కావాలనుకునే వారికి మాత్రం ఇది తృప్తినివ్వదు.

కీ ఇచ్చే పద్ధతిలోనే యంత్రం ఆయుష్షు చాలావరకు ఉంది. వాచీని చేతి నుంచి తీసి, ప్రతిరోజూ ఉదయం ఒకే సమయానికి, నెమ్మదిగా, గట్టిగా తగిలే వరకు తిప్పి అక్కడ ఆపేయాలి. చేతికి ఉండగానే తిప్పితే కీ బొడిపె కాండం ఒక పక్కకు వంగుతుంది. పూర్తిగా కీ ఇస్తే ఒకటిన్నర రోజుకు పైగా నడుస్తుంది. అయినా స్ప్రింగు పూర్తిగా సడలేదాకా వదిలేస్తే వేగం తప్పుతుంది, అందుకే రోజూ ఇవ్వడమే మేలు.

నా అనుభవంలో అసలు ఖర్చు సర్వీసు మీదే పెట్టాలి. వాచీ ఆడుతోంది కదా అని నూనె ఎండిపోయిన యంత్రాన్ని ఏళ్ల తరబడి నడిపితే ఇరుసులు అరిగి, విడిభాగాలు మార్చక తప్పదు. సాధారణంగా నాలుగైదేళ్లకొకసారి యంత్రాన్ని పూర్తిగా విప్పి, కడిగి, కొత్త నూనె వేయించడం సరైన పద్ధతి. మూత తీసి నూనె చుక్క వేసి, బ్రష్‌తో తుడిచి ఇచ్చే పనికి సర్వీసు అన్న పేరు తగదు. మెకానిక్ దగ్గర టైమ్‌గ్రాఫర్, అంటే వాచీ నడకను కొలిచే పరికరం, ఉందో లేదో అడగండి. శుభ్రమైన యంత్రం పూర్తిగా కీ ఇచ్చాక, డయల్ పైకి ఉన్న స్థితిలో బ్యాలెన్స్ చక్రం ఊపు 250 డిగ్రీలకు మించి చూపాలి. 200కు దిగువన ఉంటే, సమయం సరిగ్గానే ఉన్నా పని పూర్తి కాలేదని అర్థం. ఇక్కడ జనతాకు ఒక గొప్ప సౌలభ్యం ఉంది. పైలట్ వంటి మోడళ్లలోనూ ఇదే యంత్రం ఉండటం వల్ల, కర్మాగారం మూతపడ్డా పాత వాచీల నుంచి తీసిన విడిభాగాలు దొరుకుతూనే ఉన్నాయి.

మన వాతావరణంలో నీటికన్నా ముందు చెమటే శత్రువు. విజయవాడ వేసవిలో లెదర్ పట్టీ నానిపోయి, మా వాచీ వెనుక మూత చుట్టూ ఉన్న క్రోమ్ పూత అక్కడక్కడా లేచింది. అప్పటి నుంచి మూత కిందుగా పోయే నైలాన్ పట్టీ వాడుతున్నాను. చర్మానికీ లోహానికీ మధ్య గుడ్డ అడ్డు ఉండటంతో నష్టం ఆగింది. రాత్రి తీయగానే పొడి గుడ్డతో తుడవడం అలవాటు చేసుకోవాలి. చేతులు కడిగేటప్పుడు, వర్షంలో, వంటగది ఆవిరిలో దీన్ని ఉంచకూడదు. అద్దం లోపల ఆవిరి పట్టినట్టు కనిపిస్తే ఎండలో పెట్టకుండా అదే రోజు మెకానిక్ చేత మూత తీయించాలి. వాచీ ఒక్కసారిగా రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెత్తితే, స్పీకర్ లేదా ఫోన్ కవర్‌లోని అయస్కాంతం తగిలి, బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఉండవచ్చు. అయస్కాంత ప్రభావాన్ని తొలగించే డీమ్యాగ్నటైజర్‌తో అది కొన్ని క్షణాల్లో సరిపోయే పని. అద్దం ప్లాస్టిక్‌ది గనుక సన్నని గీతలు మెత్తని పాలిష్ పేస్టుతో పోతాయి.

రాత్రి చీకట్లో సమయం చూసేవారికీ, నీళ్లలో పనిచేసేవారికీ, రోజూ కీ ఇవ్వడం ఇష్టం లేనివారికీ నేను దీన్ని సిఫారసు చేయను. మిగతావారు మరమ్మతుకు ఇచ్చేముందు డయల్, ముళ్లు, లోపలి యంత్రం ఫొటోలు తీసి పెట్టుకోండి. డయల్‌నూ ముళ్లనూ ముట్టవద్దని ముందే స్పష్టంగా చెప్పండి. మార్చిన ప్రతి పాత భాగాన్నీ, చిన్న స్క్రూతో సహా, ఒక పొట్లంలో వేసి తిరిగి ఇవ్వమని అడగండి.