పోటీలా, సర్కారు కొలువా? వలస ఆర్కిటెక్ట్‌కు రెండు దారులు

ఖర్చు: భవనం డిజైన్ ఎవరిదో తేల్చే పోటీకి డ్రాయింగులు, మోడళ్లు చాలాసార్లు చేతి డబ్బుతోనే. కొలువులో జీతం వస్తుంది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. బాగ్దాద్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన జహా హదీద్ 1983లో హాంకాంగ్ ‘పీక్’ క్లబ్ భవనం పోటీ గెలిచారు, ఆ భవనం కట్టనేలేదు. 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్ ఒపెరా హౌస్ పోటీ గెలిచారు, నిధులివ్వం పొమ్మన్నారు. గెలుపు వేరు, పునాది పడటం వేరు. మధ్యలో పాఠాలు చెప్పుకున్నారు. రోమ్‌లో ఆమె డిజైన్ చేసిన మాక్సీ మ్యూజియం 2010లో తెరిచారు, పోటీ మాత్రం తొంభైల నాటిది!

ఇక కొలువు దారి. బెర్లిన్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్ ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ నాజీల కాలంలో జర్మనీ వదిలి, 1939లో మైసూరు సంస్థానం కొలువులో చేరారు. బెంగళూరులో వరసగా భవనాలు కట్టారు. 1948లో భువనేశ్వర్ నగర ప్లాన్ కూడా ఆయనదే.

స్వేచ్ఛ: కొలువులో పైవాళ్ల అభిరుచికి తలొగ్గాలి.

పేరు: హదీద్‌కు 2004లో ఆర్కిటెక్ట్‌ల పెద్ద పురస్కారం ప్రిట్జ్‌కర్. కోనిగ్స్‌బెర్గర్ పేరు మనవాళ్లలో ఎందరికి తెలుసు? నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

పదేళ్లు ఆగే ఓపిక, పక్కన వేరే ఆదాయం ఉంటే పోటీలు. ఇంటి అద్దె, వీసా జీతం మీదే ఆధారపడితే కొలువే.