పంట నష్టం తేల్చడానికి కోత ప్రయోగమా, వాన లెక్కా, శాటిలైటా: ఏది మేలు?

కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమా నుంచి 2020లో తప్పుకున్న తెలంగాణ, మళ్లీ చేరతామని 2024లో ప్రకటించింది. అప్పటి నుంచి మాటంతా ప్రీమియం మీదే. నన్నడిగితే అంతకంటే పెద్ద ప్రశ్న, పంట పోయిందని ఎవరు, ఎట్లా తేలుస్తారన్నది. అందుకు ఎంచుకునే పద్ధతిని బట్టే పరకాల, నర్సంపేట రైతుల ఖాతాలో డబ్బు పడుతుంది, లేదా పడదు.

పాత పద్ధతి పంట కోత ప్రయోగం. వరిలో సాధారణంగా ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి, కోసి, నూర్చి తూకం వేస్తారు. అది 25 చదరపు మీటర్లు. ఎకరం దాదాపు 4,047. అంటే ఆ తూకాన్ని 162తో హెచ్చవేయాలి. తాడు కొంచెం పక్కకు జరిగి తూకంలో ఒక్క కిలో తేడా వచ్చినా, ఎకరం లెక్కలో 162 కిలోలు మారిపోతుంది. పత్తిలో ఇంకా కష్టం. మూడు నాలుగు ఏరుళ్లు ఉంటాయి, ప్రతిసారీ అదే మడికి వెళ్లి తూకం వేయాలి. వేల ఎకరాలు చూసుకునే ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) అంత తీరిక ఎక్కడిది? అయినా ఈ పద్ధతికి ఒక బలం ఉంది. తూకం రైతు కళ్ల ముందే జరుగుతుంది, అనుమానం వస్తే అక్కడే అడగొచ్చు.

రెండోది వాన లెక్క, అంటే ఎంత వాన పడిందో చూసి నష్టం అంచనా కట్టడం. ఇది తొందరగా తేలుతుంది. కానీ 2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. ఆ రోజు అంత వాన అన్ని మండలాల్లో లేదు. వాన కొలిచే గేజీ ఎక్కడుందో అక్కడి వానే రైతుకు లెక్కవుతుంది. పైగా 2021-22లో మిర్చిని ముంచిన నల్ల తామర పురుగు ఏ గేజీలోనూ కనిపించదు. మొదటి విడత సాయం త్వరగా ఇవ్వడానికైతే సరే, పూర్తి తీర్పుకు ఇది చాలదు.

ఇక శాటిలైటు. 2023 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో యెస్-టెక్ (టెక్నాలజీతో దిగుబడి అంచనా వేసే విధానం) కింద వరి, గోధుమ దిగుబడి లెక్కలో టెక్నాలజీకి కనీసం 30 శాతం వాటా ఇచ్చారు. ఎస్సారెస్పీ కాలువ కింద వరికి ఇది బాగా పనికొస్తుంది. మబ్బు పట్టినా రాడార్ చూడగలదు, నాట్ల నీళ్లు స్పష్టంగా తెలుస్తాయి. మిర్చికి మాత్రం నేను ఒప్పుకోను. సెంటినెల్-2 అనే శాటిలైటు చిత్రంలో ఒక చుక్క అంటే పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. అర ఎకరానికి దాదాపు ఇరవై చుక్కలే, వాటిలో ఒడ్డు మీదివి పక్క చేనుతో కలిసిపోతాయి. పైగా తామర పురుగు పూతను రాల్చేస్తుంది. కాపు లేకున్నా చెట్టు పచ్చగానే ఉంటే, చిత్రాలు చూసి దిగుబడి అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌కు అది మంచి పంటే.

కాబట్టి వరికి శాటిలైటు, కోత ప్రయోగం రెండూ కలవాలి. ఎక్కడ కోయాలో చూపడం, తేడా ఉన్న ఊళ్లను పట్టుకోవడం శాటిలైటుకు అప్పగించాలి. మిర్చికి, పత్తికి మనిషే వెళ్లాలి. పరిహారం ఇవ్వమని మోడల్ చెబితే వెంటనే ఇవ్వొచ్చు. వద్దంటే మాత్రం ఎవరో ఒకరు చేనులో నిలబడి చూడనిదే ఫైలు మూయకూడదు.

ఎక్కువమంది గమనించని చిక్కు ఒకటుంది. పరిహారానికి గీటురాయి అయిన దిగుబడిని (దానికంటే తక్కువ పండితేనే డబ్బు వస్తుంది) గత ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటుతో లెక్కగడతారు. ఆ పాత అంకెలన్నీ కోత ప్రయోగాలవి. వాటి పక్కన మోడల్ అంకె పెట్టి పోల్చితే, మోడల్ ఎప్పుడూ పది శాతం ఎక్కువ చూపే అలవాటుదైతే నష్టపోయిన ఊరు కూడా బాగున్నట్టే తేలుతుంది. సగటు పొరపాటు తక్కువని మీటింగుల్లో మురిసిపోతే ఇది బయటపడదు. నిజంగా పంట పోయిన ఎన్ని ఊళ్లను మోడల్ బాగున్నాయంది? ఆ ఒక్క అంకెను జిల్లాలవారీగా రాసిపెట్టాలి. కనీసం రెండు సీజన్లు కోత ప్రయోగం పక్కనే నడిపి చూశాకే దాని మాట మీద డబ్బు ఆపాలా వద్దా అన్నది ఆలోచించాలి.